వాసన లేని మలాం

మా అమ్మ చేతులకు ఏ వాసనా ఉండకూడదు. ఇది ఆమె సోకు కాదు, బీడీ కార్ఖానా షరతు. కోరుట్లలో మా వాడలో ఇంటింటికీ బీడీలు చేసే ఆడవాళ్లుంటారు. బీడీ చుట్టే తునికాకు, లోపల వేసే తంబాకు ఏ వాసన తగిలినా ఇట్టే పట్టేసుకుంటాయి. అందుకే అమ్మ ఉల్లిగడ్డ కోశాక రెండుసార్లు చేతులు కడుక్కుని గాని చాట ముందు కూర్చోదు. తలకు నూనె ఆదివారం తప్ప పెట్టదు. నా చిన్నప్పుడు నన్ను దగ్గరికి తీసుకున్నా చేతులు మాత్రం వెనక్కి పెట్టుకునేది, నా మొహానికున్న పౌడరు అంటుతుందని. పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆమెది ఇదే పద్ధతి. ఆ చేతులకు నొప్పి వస్తే ఏం రాసుకోవాలో కార్ఖానా వాళ్లెవరూ ఎన్నడూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. నేను మందుల చదువు చదివినదాన్ని. ఆ కోపం నా మీదికి నేను తిప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. అంతకుముందు కనపడిన వాళ్లందరి మీదా పడ్డాను.

నిరుడు వానలు మొదలైనప్పుడు అమ్మ ఫోన్ చేసి కాలి మెట్టెలు ఊడి రావడం లేదని చెప్పింది. మెట్టెలదే తప్పన్నట్టు చెప్పింది. వాటిని కోయించడానికి కంసాలి దగ్గరికి పోవాలా అని అడిగింది. నేను సిరిసిల్లలో ఉంటాను, అక్కడి ప్రైవేటు బడిలో సైన్సు పాఠాలు చెబుతాను. శనివారం బడి కాగానే బస్సెక్కి, వేములవాడలో మొక్కులకు వచ్చిన జనం మధ్య ఇంకో బస్సు మారి కోరుట్ల చేరేసరికి అమ్మ ఎప్పటిలాగే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. వేలుతో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. సోమవారం బడికి సెలవు పెట్టి జగిత్యాలలో కిడ్నీల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

ఆయన పెద్దవయసు మనిషి. రక్తం రిపోర్టు చూసి, రోజూ ఏమన్నా గోలీలు మింగుతావా అని అమ్మను అడిగాడు. అమ్మ దాచలేదు. నొప్పుల గోలీలు, పొద్దున చాట ముందు కూర్చునేటప్పుడు ఒకటి, మధ్యాహ్నం ఒకటి, బీడీలు తక్కువ పడిన రోజు ఇంకొకటి అని చెప్పింది. ఎప్పటి నుంచి అన్నాడు.

"గీ పిల్ల కాలేజికి పోయినప్పటి సంది సారు."

నేను కాలేజికి పోయి పదహారేళ్లయింది. డాక్టరు మనసులో లెక్క వేసుకుని, కాగితం కింద పెట్టి, నన్ను ఏం చదివావని అడిగాడు. బీఫార్మసీ అన్నాను. నా వైపు ఒకసారి చూసి మళ్లీ కాగితం అందుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ చూపుకు నేను అర్హురాలినని తెలుసు గనకే మండింది. పండక్కి వచ్చినప్పుడల్లా అమ్మ మధ్యాహ్నం కొంగు చాటుకు తిరిగి నోట్లో ఏదో వేసుకుని నీళ్లు తాగడం చూశాను. ఎప్పుడో ఒకటి మింగుతుందిలే అనుకున్నాను. అడగలేదు.

ఆ గోలీలు ఎవరు రాశారు, ఎక్కడ కొన్నావు అని డాక్టరు గట్టిగానే అడిగాడు. ఎవరూ రాయలేదని, బస్టాండు దగ్గర ఏదో దుకాణంలో కొన్నానని అమ్మ చెప్పింది. ఆ దుకాణం పేరు చెబితే మందుల అధికారులకు తానే రాస్తానని ఆయన అన్నాడు. అమ్మ పైకప్పు వంక చూసి, పేరు యాదికి లేదంది. ముప్పై కట్టల్లో ఒక కట్టకు ఒక బీడీ తక్కువైతే చేత్తో తూచి చెప్పగల మనిషికి దుకాణం పేరు గుర్తు లేకపోవడం ఏమిటని నాకు ఆ క్షణాన తట్టలేదు.

"కిడ్నీలు సగానికి పైన పోయినయమ్మా," అన్నాడు ఆయన. "పోయినయి మళ్ల రావు. ఉన్నయన్న కాపాడుకోవాలె. నొప్పుల గోలి ఇంకొక్కటి గూడ మింగొద్దు. మింగితె డయాలసిస్ మిషిను మీదికి పోతవు."

మిషిను అంటే ఏమిటో అమ్మకు తెలుసు. మా వాడలో ఒకామె వారానికి మూడుసార్లు జగిత్యాలకు పోయి వచ్చేది. పోయి వచ్చిన రోజు గోడ పట్టుకుని నడిచేది. ఆమె కూడా బీడీలే చేసేది.

నొప్పికి పైన రాసుకోవడానికి డాక్టరు ఒక ట్యూబు రాశాడు. తిరుగు బస్సులో నేను అమ్మతో పోట్లాట పెట్టుకున్నాను. బీడీలు మానేయమన్నాను, సిరిసిల్ల వచ్చి నా దగ్గర ఉండమన్నాను. ఆమె కిటికీ లోంచి చూస్తూ కూర్చుంది. కొన్నాళ్లు బీడీలు ఇవ్వకపోతే కార్ఖానాలో పేరు కొట్టేస్తారు, పేరు పోతే కార్డు పోతుంది, ఇన్నేళ్లు చేసిన పనికి రావాల్సినవన్నీ ఆ కార్డు మీదే ఉన్నాయి. ఇదంతా నాకూ తెలుసు. అయినా అరిచాను. పక్క సీట్లో వాళ్లు తిరిగి చూశారు. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి, చేతులు ఊరికే ఉంటే తనకు తిన్నది అరగదని మాత్రం చెప్పింది.

ట్యూబు మంచిదే. బజారులో దొరికేవన్నీ అలాంటివే. మూత తీస్తే పుదీనా, కర్పూరం కలిసిన ఘాటు ముక్కులకెక్కుతుంది. మన జనానికి ఘాటు లేకపోతే మందు పనిచేసినట్టు ఉండదు గనక కంపెనీలు ఆ ఘాటు కలుపుతాయి. అమ్మ రాత్రి పడుకునే ముందు బొటనవేళ్ల కీళ్లకు, భుజానికి రాసుకుంది. పొద్దున సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని చాట ముందు కూర్చుంది. సాయంత్రం కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే టేకేదారు ఒక కట్ట తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకో కట్ట తీశాడు. ఏం రాసుకున్నావని అడిగాడు. ఆ రోజు చేసిన వెయ్యి బీడీలూ పక్కన పడేశాడు. ఇంకోసారి ఇట్లా వస్తే ఆకు, తంబాకు ఇవ్వనని అందరి ముందూ అన్నాడట.

అమ్మ ఈ సంగతి నాకు చెప్పలేదు. పక్కింటి చిన్నమ్మ ఫోన్లో చెప్పింది. రెండు వారాల తర్వాత నేను వెళ్లేసరికి ట్యూబు గూట్లో పసుపు డబ్బా వెనక ఉంది, కొన్న రోజు ఎంత నిండుగా ఉందో దాదాపు అంతే నిండుగా. అమ్మ మొహంలో నొప్పి లేదు. చేతులు చకచకా ఆడుతున్నాయి. అది చూసి నాకు అనుమానం వచ్చింది. ఆమె నీళ్లకు బయటికి పోయినప్పుడు తంబాకు డబ్బా కింద చెయ్యి పెట్టి చూశాను. చిన్న కాగితం పొట్లం. లోపల తెల్ల గోలీలు, పేరు తెలియకుండా రేకులోంచి తీసి పోసినవి.

ఆమె రాగానే పొట్లం ఆమె ముందు పెట్టాను. మిషిను మీదికి పోతావని డాక్టరు చెప్పింది ఏ చెవిన విన్నావని నిలదీశాను. ఇవి అమ్మిన వాడెవడో ఇప్పుడే చెప్పు, వాడి దుకాణం మూయిస్తాను అన్నాను. ఆమె బిందె దించి, చేతులు తుడుచుకుని, చాట ముందు కూర్చుంది. నేను వదల్లేదు.

"నీ దుకాణంలనే తెచ్చుకున్న బిడ్డా," అంది చివరికి. "పరాయి దుకాణంలకు నేనెందుకు పోత? ఆడ గోడకు నీ ఫోటో ఉన్నది గద. నువ్వు సూసుకుంట ఉన్నకాడ తప్పు మందు ఎట్లిస్తరు?"

ఆ ఫోటో నాకు తెలుసు.

చదువు అయిపోయిన ఏడాదే నాకు పెళ్లయింది. సిరిసిల్ల వెళ్లిపోతున్నానని తెలిసి కోరుట్లలో ఒకతను మెడికల్ షాపు పెట్టడానికి నా సర్టిఫికెట్ అడిగాడు. మందుల దుకాణంలో చదువుకున్న మనిషి కూర్చోవాలని నియమం. కూర్చునే మనిషి అక్కర్లేదు, గోడ మీద కాగితం ఉంటే చాలని అందరికీ తెలుసు. ఫోటో అంటించి ఉన్న నా సర్టిఫికెట్‌కు అద్దం బిగించి గల్లాపెట్టె వెనక తగిలించాడు. నెలనెలా అద్దె నా ఖాతాలో పడుతుంది. నాతో చదివిన వాళ్లలో సగం మంది కాగితాలు అలాగే ఏదో ఒక ఊళ్లో వేలాడుతున్నాయి. అందులో తప్పుందని నాకు అనిపించలేదు. తాను మందులు తెచ్చుకునే చోట కూతురు కాపలా ఉందని అమ్మ నమ్ముకుంటుందని అసలే అనుకోలేదు. వాడలో అందరికీ ఆమే ఆ దుకాణం చూపించిందట. మా బిడ్డ ఫోటో ఉన్న దుకాణం, ధైర్యంగా తెచ్చుకోండి అని చెప్పిందట.

డాక్టరు ముందు పేరు యాదికి లేదని ఎందుకు అన్నదో అప్పుడు అర్థమైంది.

అరగంటలో ఆ దుకాణంలో ఉన్నాను. గోడ మీద ఇరవై రెండేళ్ల నేను, రెండు జడలతో, ఎదురుగా చూస్తూ ఉన్నాను. ఫోటో కింద నిలబడి ఒకామె చేతులు చూపించి వేళ్లు పట్టేస్తున్నాయంటోంది. యజమాని ఆమె ఇంకా చెప్పడం పూర్తి చేయకముందే రేకులోంచి గోలీలు తీసి కాగితంలో మడిచాడు. ఆమె వెళ్లేదాకా ఆగి, నేను మొదలుపెట్టాను. నోటికొచ్చినట్టు తిట్టాను. మా అమ్మ కిడ్నీలు తిన్నావన్నాను. చీటీ లేకుండా ఈ గోలీలు ఇన్నేళ్లు ఎట్లా ఇచ్చావన్నాను. అతను ఎదురు అరవలేదు. స్టూలు జరిపి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"చెల్లె, ఈ స్టూలు నీదే," అన్నాడు. "నువ్వు ఎన్నడన్న ఒక్కపూట అచ్చి గూసున్నవా? నువ్వు గూసోని వద్దంటె నేను ఇయ్యకపోతుంటి. నువ్వు కిరాయి దీసుకొని ఇంట్ల ఉన్నవు, నేను అడిగినోళ్లకు ఇచ్చిన."

సర్టిఫికెట్ దింపమన్నాను. ఒప్పందం ఏడాది చివరిదాకా ఉందని, మధ్యలో దింపితే అధికారులు వచ్చి ఇన్నేళ్లూ ఎవరు కూర్చున్నారని అడుగుతారని, అప్పుడు తన పేరు తర్వాత, నా పేరు ముందు రాస్తారని అతను నెమ్మదిగా చెప్పాడు. నేను గోడ మీది నా మొహం చూసి, చెప్పులేసుకుని బయటికి వచ్చేశాను. అతని మీద నాకు ఇప్పటికీ కోపమే. కానీ అతను అన్నదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

సిరిసిల్లలో ఆ వారం బడిలో పిల్లల మీద కూడా అరిచాను. ఒకరోజు ఖాళీ పీరియడ్‌లో కూర్చుని ఉంటే, కాలేజి రెండో ఏడాదిలో చేసిన ప్రాక్టికల్ గుర్తొచ్చింది. గాజు పలక మీద పొడి, మైనం వేసి చదునైన కత్తితో కలిపి, రుద్ది, మలాం తయారు చేసి చిన్న డబ్బాలో నింపేవాళ్లం. రోగికి తగ్గట్టు, డాక్టరు చీటీ ప్రకారం, ఏది ఉండాలో అది వేసి, ఏది వద్దో అది తీసేసి తయారు చేయడం మా చదువులో అసలు పని. పది మార్కుల కోసం చేసి ఆ తర్వాత ఎవరం మళ్లీ ఆ కత్తి పట్టుకోలేదు. అన్నీ కంపెనీ ట్యూబుల్లో వస్తుంటే ఎవరు కలుపుతారు? కానీ మా అమ్మ చేతులకు సరిపోయే ట్యూబు ఏ కంపెనీ చేయలేదు. బీడీలు చేసే ఆడవాళ్ల కోసం ఎవరు చేస్తారు?

జగిత్యాల వెళ్లి డాక్టరుకు సంగతి చెప్పాను. దుకాణం సంగతి కాదు, వాసన సంగతి. ఆయన ముందు నమ్మలేదు. మందు వాసనకు బీడీలు పారేస్తారా అన్నాడు. తర్వాత చీటీ ముందు పెట్టుకుని, ఏం కావాలో నన్నే చెప్పమన్నాడు. ఘాటు వద్దు, వాసన వచ్చేది ఏదీ వద్దు, నొప్పి తగ్గించే మందు మాత్రం ఉండాలన్నాను. ఆయన మోతాదు రాసి ఇచ్చాడు. రోజుకు రెండుసార్లు, శనగగింజంత, నొప్పి ఉన్న కీలు మీదే రాయాలి, పైన రాసింది కూడా కొంత రక్తంలోకి పోతుంది గనక పసుపు పూసినట్టు పూయొద్దు, నెలకోసారి రక్తం చూపించాలి అన్నాడు. ఆసుపత్రి మందుల గదిలో వెనకున్న బల్ల నన్ను వాడుకోనిచ్చాడు. డాక్టరు చీటీ మీద మందు కలిపి ఇచ్చే హక్కు నా చదువుకు చట్టం ఇచ్చింది. ఆ హక్కును నేను అప్పటిదాకా ఒక్కసారీ వాడలేదు, గోడకు అద్దెకు మాత్రం ఇచ్చాను.

మొదటి డబ్బా తెల్లగా, వెన్నలాగ వచ్చింది. నాకు గర్వంగా అనిపించింది. అమ్మ బొటనవేలికి రాసుకుని, ఆరనిచ్చి, ఒక ఆకు తీసి రుద్దింది. ఆకును వెలుతురుకు పట్టుకుంది. జిడ్డు మరక స్పష్టంగా కనిపించింది. డబ్బా నాకు తిరిగిచ్చేసింది. రెండోసారి మైనం మానేసి, నీళ్లలో ఉబ్బి జిగురయ్యే పొడితో చేశాను. త్వరగా ఉపశమనం ఉంటుందని డాక్టరు కొంచెం తిమ్మిరెక్కించే మందు కూడా వేయమన్నాడు. మరక పడలేదు. అమ్మ ఇరవై బీడీలు చేసి ఆగిపోయింది. కొన్ని లావుగా, కొన్ని వదులుగా వచ్చాయి. తంబాకు ఎంత పడుతోందో వేళ్లకు తెలియడం లేదంది. ఒక జీవితమంతా కళ్లతో చూడకుండా కొలిచిన వేళ్లవి. వాటిని నేను మొద్దుబార్చాను. నా పరీక్ష పేపర్లు దిద్దిన పంతుళ్లెవరూ ఇంత కఠినంగా దిద్దలేదు.

మూడోసారి తిమ్మిరి మందు కూడా తీసేశాం. అమ్మ వాసన చూసింది. వేలికి రాసుకుని ఆరనిచ్చింది. ఆకు మీద రుద్ది వెలుతురుకు పట్టింది. చిటికెడు తంబాకు వేళ్ల మధ్య నలిపి చూసింది. ఒక బీడీ చుట్టి, దారం కట్టి, నా ముక్కు దగ్గర పెట్టింది. తంబాకు వాసన తప్ప ఏమీ లేదు.

"నీళ్ల లెక్కనే ఉన్నది," అంది.

మర్నాడు సాయంత్రం నేనూ కార్ఖానాకు పోయాను. గోడ పక్కన చెప్పుల దగ్గర నిలబడ్డాను. టేకేదారు కట్ట తీశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, మంచి కట్టల కుప్పలో పడేశాడు. ఇంకోటి తీశాడు, అదీ కుప్పలో పడేశాడు. నాకు సంతోషం రాలేదు. రక్తం రిపోర్టు చెప్పిన దానికంటే, డాక్టరు చెప్పిన దానికంటే, ఈ మనిషి ముక్కు చెప్పిందే మా అమ్మ కిడ్నీలకు పెద్దదైనందుకు అతని చేతిలోంచి ఆ కట్ట లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది. అమ్మ ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, పద అంది.

మలాం గోలీ అంత పనిచేయదు. ఈ మాట దాచి చెబితే అది కూడా ఒక మోసమే. గోలీ మింగితే నొప్పి ఉన్న సంగతే తెలిసేది కాదని, ఇది రాస్తే నొప్పి ఉన్నట్టు తెలుస్తూనే పని సాగుతుందని అమ్మ చెప్పింది. రోజుకు చేసే బీడీలు తగ్గాయి. భుజం పట్టేసిన రోజు గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని కూర్చునేది. కానీ పొట్లం మళ్లీ తెచ్చుకోలేదు. నేను వెళ్లినప్పుడల్లా దొంగలాగా డబ్బాలన్నీ వెతికేదాన్ని. ఆమె చూసీ చూడనట్టు ఊరుకునేది. మూడో నెలకు మెట్టెలు వేళ్లకు వదులుగా తిరగడం మొదలుపెట్టాయి.

వాడలో ఈ సంగతి తెలియకుండా ఉంటుందా? పక్కింటి చిన్నమ్మ ముందు వచ్చింది, తర్వాత ఇంకో నలుగురు వచ్చారు. అందరి బొటనవేళ్లూ ఒకేలా వంగి ఉన్నాయి. నాకూ ఒక డబ్బా కలిపి ఇవ్వు బిడ్డా అన్నారు. ముందు రక్తం చూపించుకోవాలి, డాక్టరు చీటీ రాయాలి, ఒకరికి కలిపింది ఇంకొకరు రాయకూడదు అని చెప్పాను. జగిత్యాలకు పోయి రావడమంటే ఒక రోజు పని పోతుంది. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పటిదాకా గోలీలు మాత్రం మానేయండి అన్నాను. చిన్నమ్మ నవ్వింది.

"ఎందుకే భయం? నీ ఫోటో ఉన్న దుకాణంలకెంచే తెచ్చుకుంటున్నం," అంది.

అమ్మ తల వంచుకుని ఆకు కత్తిరిస్తూనే ఉంది. నేను లోపలికి పోయి, వంటింట్లో నిలబడి, గోడను అరచేత్తో కొట్టాను. మా అమ్మకు వాసన లేని మలాం దొరికింది. దుకాణం గోడ మీది నా మొహం మిగతా వాళ్లందరికీ గోలీలు పంచుతూనే ఉంది. నా పేరు ముందు రాస్తారన్న భయంతో నేను దాన్ని అక్కడే వేలాడనిచ్చాను.

ఆ నెల రక్తం రిపోర్టు చూసి డాక్టరు మొదటిసారి నవ్వాడు. పోయింది తిరిగి రాలేదు, ఉన్నది మాత్రం నిలబడింది అన్నాడు. ఇలాగే ఉంటే మిషిను మాట ఇప్పట్లో అక్కర్లేదన్నాడు. అమ్మ చేతులెత్తి దండం పెట్టింది. చీటీ రాస్తూ ఆయన మామూలుగానే మళ్లీ అడిగాడు, ఆ గోలీలిచ్చిన దుకాణం పేరు ఇప్పుడన్నా గుర్తొచ్చిందా అని.

"ముసలిదాన్ని, నాకేం యాదుంటది సారు," అంది అమ్మ. బల్ల కింద ఆమె కాలు వచ్చి నా కాలిని నొక్కింది. మెట్టె చల్లగా తగిలింది.

అప్పటికి నాలుగు నెలలుగా ఆమె ఆ అబద్ధం నా కోసం మోస్తోంది. నేను మోయనిస్తున్నాను. ఊళ్లో ప్రతి ఒక్కడి మీదా అరిచిన దాన్ని, ఇక్కడ ఈ బల్ల ముందు మాత్రం నోరు కట్టేసుకుని కూర్చుంటున్నాను. నాకు నా మీద ఎంత అసహ్యం వేసిందంటే ఆ కాలు తీసేసి లేచి నిలబడ్డాను.

"అది నా దుకాణమే సార్," అన్నాను. "గోడ మీద ఉన్నది నా సర్టిఫికెట్టే. నేను ఒక్కరోజు గూడ అక్కడ కూర్చోలె."

అమ్మ నా చున్నీ పట్టి కిందికి లాగింది. డాక్టరు రాయడం ఆపి, నన్ను కూర్చోమని, కొత్త కాగితం తీశాడు. దుకాణం ఎక్కడ, ఎప్పటి నుంచి అని అడిగాడు. అన్నీ చెప్పాను. నా పేరు స్పెల్లింగుతో సహా చెప్పాను. ఆ కాగితం కింద సంతకం కూడా నేనే పెట్టాను.

అధికారులు వచ్చారు. దుకాణం మూతపడింది. నన్ను పిలిపించి అడిగారు, ఉన్నదున్నట్టు రాసిచ్చాను. ఒక ఏడాది దాకా ఏ మందుల దుకాణానికీ నా సర్టిఫికెట్ ఇవ్వకూడదన్నారు. అంత తక్కువ శిక్షకు కూడా నాకు కోపం వచ్చింది. ఆ వాడ ఆడవాళ్లు ఇప్పుడు గోలీలకు ఇంకో వీధికి పోతున్నారు, అక్కడ ఇంకొకరి ఫోటో ఉంది. చిన్నమ్మ మాత్రం ఒక రోజు పని మానుకుని నాతో జగిత్యాల వచ్చి రక్తం చూపించుకుంది. ఆమె డబ్బా కూడా ఇప్పుడు అదే బల్ల మీద, డాక్టరు ఆసుపత్రిలోనే నేను కలుపుతున్నాను, ఆమె చీటీ ప్రకారం.

నెలకోసారి కోరుట్ల వెళ్లి అమ్మకు కొత్త డబ్బా ఇస్తాను. ఆమె తీసుకుని, వాసన చూసి, గూట్లో పెడుతుంది. అన్నం పెడుతుంది. బడి ఎట్లా ఉందని అడగదు, బస్సు దొరికిందా అని అడగదు. తినమంటుంది, అంతే. ఒకరోజు ఉండబట్టలేక, ఏమైందమ్మా అని అడిగాను. ఆమె చాట మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"గా తొవ్వల పోయినప్పుడల్లా లోపటికి తొంగి సూత్తుంటి. గోడ మీద నువ్వు కనవడుతుంటివి. ఇప్పుడు షట్టరేసి ఉన్నది."

గోలీలు తన కిడ్నీలను తినేసినందుకు మా అమ్మ నా మీద ఒక్కరోజు కూడా కోపగించుకోలేదు. ఫోటో దింపించినందుకు మాత్రం నాతో సరిగ్గా మాట్లాడక ఇది ఐదో నెల.